నడవనివ్వని మర్యాద

నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా అత్తగారికి చివరిదాకా అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే "మా కోడలు ఆసుపత్రిలో అందరినీ నడిపిస్తుందండి" అని చెప్పేవారు. ఆవిడ చెప్పింది తప్పేమీ కాదు. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరాను. మొదటి సగం కాళ్లు విరిగినవాళ్లని నడిపించాను, రెండో సగం గుండెపోటు వచ్చినవాళ్లని నడిపించాను, పోయిన ఏడాది రిటైరయ్యాను. కాళ్లు విరిగినవాళ్లు ఎప్పుడెప్పుడు నడుద్దామా అని ఉండేవారు. గుండెపోటు వాళ్లకి కాళ్లు బాగానే ఉండేవి. అందుకే వాళ్లతో కష్టం.

నా స్థానంలో చేరిన అమ్మాయి మొన్న ఫోన్ చేసి, "మేడం, మాకు పనికొచ్చేది ఏదైనా రాసి పెట్టండి" అంది. వ్యాయామాల పట్టిక రాయమంటుందేమో అనుకున్నాను. అది గోడ మీద ఉంది. గోడ మీద లేనిది రాస్తున్నాను.

సోమవారం క్లాసు

స్టెంటు వేయించుకున్నవాళ్లూ, బైపాస్ అయినవాళ్లూ పన్నెండు సోమవారాలు మా దగ్గరికి రావాలి. నాడి చూసుకోవడం, వరండాలో నడక, తేలిక వ్యాయామాలు, ఏం తినాలి, సిగరెట్ ఎలా మానాలి, మాత్రలు ఎందుకు మానకూడదు, ఇదీ కార్యక్రమం. బోర్డు మీద దానికి పెద్ద పేరే ఉంది. రోగులు "నడక క్లాసు" అంటారు.

మొదట్లో వచ్చేవాళ్లు అరవై దాటినవాళ్లు. రిటైరైన మాస్టార్లు, బూట్లు వేసుకుని, నోటు పుస్తకం పట్టుకుని వచ్చేవారు. ఒకటి చెబితే మూడు అడిగేవారు. తర్వాత ముప్పైల్లో, నలభైల్లో ఉన్నవాళ్లు రావడం మొదలైంది. వీళ్ల తీరు వేరు. పెద్దాయనకి గుండెపోటు వస్తే బతికి బయటపడ్డాననుకుంటాడు. ముప్పై అయిదేళ్లవాడికి వస్తే రిపోర్టులు తారుమారయ్యాయనుకుంటాడు. తలుపు పక్కన చివరి కుర్చీలో కూర్చుంటాడు, ఎవరికో తోడు వచ్చినట్టు. ఒకాయన మూడు వారాలు వాళ్ల నాన్నగారి కోసం వచ్చినట్టే కూర్చున్నాడు. వాళ్ల నాన్నగారు ఒక్క వారం కూడా రాలేదు.

నవ్వొచ్చే విషయమే కానీ, క్లాసు మానేసేవాళ్లలో ఎక్కువమంది ఈ వయసువాళ్లే. వాళ్లకింకా పిల్లలు చిన్నవాళ్లు, చేయాల్సిన పని చాలా ఉంది.

పెద్ద డాక్టరు గారు

మా పెద్ద డాక్టరు గారిది మంచి హస్తవాసి. మూసుకుపోయిన రక్తనాళం తెరవడంలో ఆయనకి పేరుంది. మాట్లాడటంలో లేదు. డిశ్చార్జి రోజున ఎవరికైనా ఒకటే వాక్యం చెప్పేవారు: "ఉప్పు, నూనె తగ్గించండి, సిగరెట్ మానేయండి, రోజూ నడవండి, టెన్షన్ పెట్టుకోకండి." ఈ వాక్యం పూర్తయ్యేలోపు ఆయన పక్క మంచం దగ్గర ఉండేవారు. అందులో ఉన్న పనులన్నీ చేయించడం నా వంతు.

ఒకసారి ఎక్కడినుంచో ఆహార పట్టిక తెప్పించి, తెలుగులోకి మార్చమని నాకిచ్చారు. మార్చాను. తీరం నుంచి వచ్చిన ఒకావిడ, చేపలు అమ్ముకునే మనిషి, భర్త మంచం పక్కన నిలబడి దాన్ని కూతురితో చదివించుకుని, "సాల్మన్ అంటే ఏ చేపండి? మా రేవులో దాన్ని ఏమంటారు?" అని అడిగింది.

నాకు తెలియదు. "మంచి చేపమ్మా" అన్నాను.

"మా దగ్గరున్నవీ మంచివేనండి" అంది.

మర్నాడు ఆ చేప పేరు కొట్టేసి "మీ ఊళ్లో దొరికే చేప, వేపుడు కాకుండా పులుసు పెట్టుకోండి" అని రాశాను. డాక్టరు గారు సంతకం పెట్టారు. చదివి పెట్టారని నేననుకోను. అయినా ఆయన్ని తక్కువ చేయను. నేను కాగితాలు చూస్తున్న ఒక సందర్భంలో ఆయన మనిషిని చూశారు. ఆ సంగతి ఇప్పుడు చెబుతాను.

గ్యాసు

రిటైరవడానికి ఏడాదిన్నర ముందు సూరిబాబు క్లాసులో చేరాడు. ముప్పై నాలుగేళ్లు. కొవ్వూరు దాటాక కాలవ గట్టు మీద ఊరు. కోత మిషను నడుపుతాడు. మిషను ఆ ఊరి రైతు రంగారావు గారిది. ఎనిమిదేళ్లుగా దాని సీట్లో సూరిబాబే. కోతల రోజుల్లో పొద్దున మంచు ఆరినప్పటి నుంచి చీకటి పడేదాకా దిగడు. టీ మీదా సిగరెట్ల మీదా నడిచే మనిషి. వానాకాలం పంట, సార్వా కోతల ఆఖర్లో గుండెపోటు వచ్చింది. ఒక స్టెంటు వేశారు.

"ఊళ్లో ఏమని చెప్పారు?" అని మొదటి సోమవారం అడిగాను. ఇది నేను అందరినీ అడిగే ప్రశ్నే.

"గ్యాసండి."

"రంగారావు గారికి?"

"ఆయనకీ గ్యాసేనండి."

మా వైపు గుండె జబ్బుకి గ్యాసు మారుపేరు. గ్యాసుకి ఎవరూ భయపడరు, ఎవరూ జాలిపడరు, పని నుంచి తీసెయ్యరు.

"గుండె జబ్బున్నోడి చేతికి మిషను ఎవరిస్తారండి?" అన్నాడు. "చేలో మధ్యలో పడిపోతాడేమో అనుకోరాండి? నాకు సెంటు భూమి లేదండి. ఆ సీటే నా పొలం. ఎండల్లో వచ్చే దాళ్వా కోతలకి నన్ను ఎక్కించెయ్యండి మేడం గారూ, మీరేం చెబితే అది చేస్తాను."

అతని భార్య దేవి పక్కనే కూర్చుంది. ఊళ్లో ఈ విషయం తెలిసింది ఆమె ఒక్కదానికే. "ఇక్కడి మాట బయటికి పోదు" అని ఇద్దరికీ చెప్పాను. చెప్పింది న్యాయమే. రోగి రహస్యం రోగిదే, మనం దాచాలి. కానీ ఆ రహస్యం దాచుకోవడానికి అతను రోజూ ఏమేం చేయాల్సి వస్తుందో అడగాలి కదా. అది నాకు తోచలేదు.

రెండు గడులు

నడక రాసుకోవడానికి నేను పుస్తకాలు ఇచ్చేదాన్ని. ప్రతి పేజీలో రెండు గడులు గీసేదాన్ని. ఒకటి బయలుదేరిన సమయం, రెండోది తిరిగి వచ్చిన సమయం.

సూరిబాబు పుస్తకంలో ఒక్క రోజు ఖాళీ లేదు. బయలుదేరింది ఆరింటికి, వచ్చింది ఆరూ నలభై అయిదుకి. అక్షరాలు కూడా ముత్యాల్లా ఉండేవి. ప్రతి సోమవారం ఎర్ర ఇంకుతో "వెరీగుడ్" అని రాసి సంతకం పెట్టేదాన్ని. ఒకసారి క్లాసులో ఎత్తి అందరికీ చూపించాను కూడా.

నెలాఖరున ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తాడో కొలిచాను. మొదటి నెల ఎంతో, రెండో నెలా అంతే. నెల రోజులు ముప్పావు గంట చొప్పున నడిచిన మనిషి అడుగు ముందుకెయ్యలేదు. నేను దీర్ఘంగా ఆలోచించి, కారణం గడిలో "చెప్పులు సరిగా లేవు" అని రాశాను.

పెద్ద డాక్టరు గారు ఆ వారం సూరిబాబు మణికట్టు పట్టుకుని నిలబడి, "రోజూ నడుస్తున్నవాడి నాడి ఇలా ఉండదే" అన్నారు.

"టెన్షన్ అయి ఉంటుంది సార్" అన్నాను. ఆ మాట ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆయన నా వైపొకసారి చూసి పక్క రోగి దగ్గరికి వెళ్లిపోయారు. అప్పుడు నేను పుస్తకం మూసి సూరిబాబుని రెండు ప్రశ్నలు అడిగి ఉండాల్సింది. అడగలేదు.

నాలుక కింద మాత్ర

దాళ్వా కోతలు ఇంకో నెల ఉన్నాయనగా, ఒక పొద్దున సూరిబాబుని కారులో తీసుకొచ్చారు. వేసిన స్టెంటులోనే రక్తం గడ్డ కట్టింది. డాక్టరు గారు తెరిచారు, బతికాడు. ఇంకో గంట ఆలస్యమైతే బతికేవాడు కాదని ఆయనే అన్నారు.

దేవి ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఆ నడక పుస్తకం. నన్ను చూసి లేచి నిలబడింది, మర్యాద తప్పని పిల్ల.

"ప్రతి వారం వెరీగుడ్ అని రాశారండి" అంది. "ఈయన మొహం పీక్కుపోయినట్టుందే అనుకునేదాన్నండి. మళ్లీ మీ సంతకం చూసి, మేడం గారికి తెలియదా అనుకుని ఊరుకునేదాన్నండి."

ఆమె నన్ను తిట్టలేదు. జరిగింది చెప్పింది, అంతే. నాకు తలెత్తి ఆమె మొహం చూడటానికి సిగ్గేసింది. అన్నేళ్ల ఉద్యోగంలో నా సంతకం వల్ల ఒకరికి ఇంత నష్టం జరగడం నాకు తెలిసి అదే. క్షమించమని అడిగాను. "పర్వాలేదండి" అంది. పర్వా లేకపోవడమేమిటి, చాలా ఉంది.

మూడో రోజున సూరిబాబు మాట్లాడే స్థితికి వచ్చాడు. మొదట మాత్రల సంగతి బయటపడింది. బంధువుల పెళ్లికి వెళ్లి, నలుగురి మధ్య మాత్రలు వేసుకోవడం ఇష్టం లేక నాలుగు రోజులు మానేశాడు. తర్వాత నడక సంగతి అడిగాను.

"రాసింది అబద్ధం కాదండి" అన్నాడు. "ఆరింటికి బయలుదేరేవాణ్ణి, ఆరూ నలభై అయిదుకి వచ్చేవాణ్ణి."

"మధ్యలో?"

"మధ్యలో సత్తిరాజు బాబాయ్ బండండి."

ఈ సంగతి బయటివాళ్లకి విడమర్చి చెప్పాలి. మా వైపు తెలిసిన మనిషి నడిచి వెళ్తుంటే బండి ఆపకుండా పోవడం మర్యాద కాదు. ఆపాక ఎక్కకపోవడం ఇంకా మర్యాద కాదు. "ఏంటి, మా బండి ఎక్కవా? కోపం వచ్చిందా?" అంటారు. పట్నంలో బూట్లు వేసుకుని నడిచేవాణ్ణి వాకింగ్ చేస్తున్నాడంటారు. పల్లెలో లుంగీతో గట్టు మీద నడిచే కుర్రాడు ఎక్కడికో వెళ్తున్నట్టే లెక్క. ఎక్కనని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే గ్యాసు నిలవదు.

అందుకని సూరిబాబు రోజూ వంద గజాలు నడిచేవాడు. ఎరువుల కొట్టు సత్తిరాజు వచ్చి ఎక్కించుకుని కాలవ లాకుల దగ్గర టీ కొట్టులో దించేవాడు. అక్కడ టీ. తిరుగు దారిలో ఇంకెవరిదో బండి. పన్నెండు వారాల గుండె వ్యాయామం ఇది. బయలుదేరిన సమయం, వచ్చిన సమయం రాయమన్నది నేనే. నడిచిన సమయానికి గడి గీయలేదు.

"నొప్పి వచ్చినప్పుడు కూడా ఆయన బండి మీదే ఉన్నానండి" అన్నాడు సూరిబాబు. "వెనక నుంచి ఆయన మీదకి వాలిపోయాను. బండి ఆపి, జేబులోంచి గ్యాసు మాత్ర తీసి నాలుక కింద పెట్టాడండి. లాకుల దగ్గర ఎవరిదో కారు ఆపి నేరుగా ఇక్కడికే తెచ్చేశాడు."

నాలుక కింద పెట్టుకునే గ్యాసు మాత్ర నేనెప్పుడూ చూడలేదు. నాలుక కింద పెట్టేది గుండె నొప్పి మాత్ర. అది జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లు ఒక రకంవాళ్లే.

గట్టు మీద

సూరిబాబు ఇంటికి వెళ్లి మూడు వారాలయ్యాక, డాక్టరు గారు మళ్లీ మెల్లగా నడవమన్నాక, నేను వాళ్ల ఊరు వెళ్లాను. ఒక రోగి నడిచే దారి నేను చూడటం అదే మొదటిసారి. ఈ మాట రాయడానికి నాకు సంతోషంగా లేదు.

పొద్దున ఆరింటికి ఇద్దరం గట్టెక్కాం. పది అడుగులు వేశామో లేదో పాల క్యాన్ల బండి ఆగింది. "మేడం గారికి కాలవ చూపిస్తున్నానండి" అన్నాడు సూరిబాబు. నేను కాలవ వైపు చూశాను. ఇంకో బండి ఆగింది. మళ్లీ కాలవ చూశాను.

మూడోది సత్తిరాజుది. నలభై ఏళ్ల మనిషి, చొక్కా జేబు బరువుగా ఉంది.

"ఎక్కరా" అన్నాడు. "ముగ్గురం సరిపోతాం. మేడం గారూ, మీరూ రండి."

సూరిబాబు నా వైపు చూశాడు. నేను మళ్లీ కాలవ వైపు తిరిగాను. నేను చెబితే నా మాటవుతుంది, అతని మాట కాదు.

"నేనెక్కను బాబాయ్" అన్నాడు. "నాది గ్యాసు కాదు. గుండె. నడవాలి."

సత్తిరాజు ఇంజను ఆపి, బండికి స్టాండు వేశాడు. "నాకు తెలుసురా" అన్నాడు.

"మీకు ఆ మాత్ర ఎప్పటి నుంచండి?" అని అడిగాను ఆయన్ని.

ఆయన గట్టుకి అటూ ఇటూ చూశాడు, ఎవరూ లేరు. "రెండేళ్లండి. మీ క్లాసుకి కూడా రెండు వారాలు వచ్చాను. మీరు గుర్తుపట్టలేదు."

"ఎందుకు మానేశారు?"

"మూడో వారం మీ వరండాలో మా ఊరాయన కనపడ్డారండి. ఆయనా నన్ను చూశారు. ఇద్దరం ఏదో పని మీద వచ్చినట్టు నమస్కారాలు పెట్టుకుని ఎవరి దారిన వాళ్లం వచ్చేశాం. మళ్లీ వెళ్లలేదండి."

"ఎవరాయన?"

"చెప్పకూడదు కదండీ" అన్నాడు సత్తిరాజు.

ఆ రోజు ఆయన బండి తోసుకుంటూ మాతో లాకుల దాకా నడిచాడు. దారిలో ఇంకెవరూ ఆపలేదు. బండి పాడైందనుకుని ఉంటారు.

హాజరు పట్టీ

మర్నాడు రెండేళ్ల కిందటి హాజరు పట్టీ తీశాను. సత్తిరాజు పేరు పక్కన రెండు టిక్కులు, తర్వాత ఖాళీ. ఆ మూడో వారంలోనే అదే ఊరి నుంచి చేరాల్సిన ఇంకో పేరుంది. దాని పక్కన ఒక్క టిక్కూ లేదు. వరండా దాకా వచ్చి వెనక్కి వెళ్లినవాళ్లకి టిక్కు పెట్టే ఏర్పాటు మా దగ్గర లేదు. మార్జిన్‌లో నా చేతిరాతతోనే "బస్సు సౌకర్యం లేదేమో" అని ఉంది. ఒక్క ఫోన్ కూడా చేయకుండా రాసిన మాట అది.

ఆ పేరు చదివి, పట్టీ మూసి బీరువాలో పెట్టేశాను. ఆ పేరు సూరిబాబుకి చెబితే అతని బెంగ ఆ క్షణమే తీరిపోతుంది. చెప్పే హక్కు నాకు లేదు. ఇలాంటి రోజు మీ ఉద్యోగంలోనూ వస్తుంది. అప్పుడు నోరు మూసుకోవడం ఎంత కష్టమో ఎవరూ ముందుగా చెప్పరు, నేను చెబుతున్నాను.

ఆ సోమవారం సూరిబాబు వచ్చినప్పుడు ఒకటే అన్నాను: "రంగారావు గారికి మీ నోటితో మీరే చెప్పండి."

"సీటు పోతే?"

పోదని చెప్పలేను. పోయినా పోవచ్చు కూడా, మనుషులు ఎప్పుడెలా ఉంటారో తెలియదు. "ఈ కోతలకి ఎలాగూ డాక్టరు గారు ఎక్కనివ్వరు" అన్నాను. "ఎందుకు రాలేదో చెప్పాలి కదా. ఈసారి నిజం చెప్పి చూడండి."

రెండు రోజులు ఆ మాట మీద అన్నం సహించలేదట అతనికి. దేవే వెళ్లమందట. మూడో రోజు వెళ్లాడు.

తర్వాత జరిగింది అతను చెప్పగా విన్నదే. రంగారావు గారు హాల్లో కూర్చుని పేపరు చదువుతున్నారట. సూరిబాబు నిలబడే మొత్తం చెప్పేశాడట, గుండెపోటు, స్టెంటు, మళ్లీ గడ్డ కట్టడం, అన్నీ. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "తలుపు దగ్గరగా వేసి రా" అన్నారట. సీటు పోయినట్టే అనుకుని సూరిబాబు తలుపు వేసి వచ్చాడు.

"నీకెన్ని వేశారు?" అని అడిగారట ఆయన.

"ఒకటండి."

రంగారావు గారు వంటింటి వైపొకసారి చూసి, గొంతు తగ్గించి, "నాకు మూడు" అన్నారట.

ఆ పై సోమవారం క్లాసుకి ముగ్గురూ వచ్చారు. ఒకే ఊరి నుంచి, మూడు బళ్ల మీద, పదేసి నిమిషాల తేడాతో, మూడు వేరువేరు కుర్చీల్లో. ఒకరినొకరు చూసి నమస్కారాలు పెట్టుకున్నారు. ఈసారి ఎవరూ లేచి వెళ్లలేదు.